తొమ్మిదిన్నరకే నిండిన బ్యాటరీ

డిటెక్టివ్ శ్రీసత్య యారాడ దిబ్బ మీదికి ఎక్కేసరికి చేతి గడియారంలో తొమ్మిదీ ముప్పై. ఒంటిగంటకు ఎస్సై గురునాథరావు జీపు వేసుకుని వస్తాడు, జోజిని అరెస్టు చేసి ఎక్కించుకుని పోతాడు. అంటే ఆమె చేతిలో ఉన్నది మూడున్నర గంటలు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. మూడు రోజుల కిందట తెల్లవారుజామున మూడూ నలభైకి ఒక ఫైబర్ బోటు రేవులోకి రాబోయి కాకిరాళ్ళకు గుద్దుకుంది. బోటులో ఇద్దరే. తాతబాబు పోయాడు. మసేను కాలు విరగ్గొట్టుకుని బతికాడు. కొండ మీది పెద్ద లైట్‌హౌస్ ఊరు ఎటుందో చెబుతుంది గాని, రాళ్ళ మధ్య ఏ సందులోంచి ఒడ్డుకు రావాలో చెప్పదు. అది చెప్పడానికే ఊరివాళ్ళు చందాలు వేసుకుని దిబ్బ మీద సోలార్ దీపం పెట్టించుకున్నారు. ఆ రోజు చప్పుడు విని పరిగెత్తినవాళ్ళు చూస్తే దీపం ఆరిపోయి ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవాడు జోజి. కాబట్టి తప్పు జోజిది.

జోజి కూతురు రోజలిన్ నిన్న సీతమ్మధారలో శ్రీసత్య ఆఫీసుకు వచ్చి, "మా నాన్న అలాంటోడు కాదు మేడమ్" అని ఒక్క మాట అని, ఆ తర్వాత అరగంట ఏడ్చింది. చెప్పడానికి ఆ పిల్ల దగ్గర అంతకంటే ఏమీ లేదు. శ్రీసత్యకు ఆ ఒక్క మాటే సరిపోయింది.

జోజి దీపస్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మూడు రోజులుగా గడ్డం గీయలేదు. మెడలో సిలువ తాడు చెమటకు నల్లబడింది.

"ఈ పెట్టె తెరువు జోజీ."

అతను స్తంభం కింద ఉన్న ఇనప్పెట్టె తాళం తీశాడు. లోపల నల్లటి బ్యాటరీ ఒకటి. దాని పైన చిన్న మీటరు డబ్బా. డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోంది.

"పచ్చలైటంటే?"

"నిండిపోయినట్టు మేడమ్. దీనికేటి లోటు నేదు. తొమ్మిదీ, తొమ్మిదిన్నరకల్లా నిండిపోద్ది. ఇదివరకు సాయంత్రం నాలుగైనా నిండీది కాదు. ఇప్పుడు సూడండి, ఎంత బేగి నిండిపోతందో! మంచి బేటరీ."

జోజి గొంతులో ఆ కష్టంలో కూడా కాస్త గర్వం పలికింది. శ్రీసత్య పచ్చలైటు వంక చూసింది, మళ్ళీ జోజి వంక చూసింది. ఆమె నాన్న పోర్టులో ఎలక్ట్రికల్ షాపు మనిషి. బ్యాటరీల గదికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, అక్కడే బల్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్ల ఆమె. పచ్చలైటు కథ ఆమెకు కొంత తెలుసు.

"ఇదివరకు అంటే ఎప్పటిదాకా?"

"రెండు నెల్ల కిందటి దాకా."

స్తంభానికి నిచ్చెన వేయించుకుని పైకెక్కింది. పైన సోలార్ పలక. దాని అంచుల మీద ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. బిగించిన బోల్టులు ఏడాదికే తుప్పు పట్టాయి. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము పలుచగా పరుచుకుని ఉంది. ఇదంతా ఆమె ఎదురు చూసిందే. ఎదురు చూడనిది ఇంకోటి ఉంది. పలక నిండా తొమ్మిది బొట్లు, అరచేతి అంతేసి. చుట్టూ పసుపు. సింధూరాన్ని నూనెలో కలిపి పెట్టారేమో, గోటితో గీకినా ఊడలేదు.

"ఇది ఎవరి పని జోజీ?"

అతను తల దించుకున్నాడు. "దసరాకి బోట్లకీ, వలలకీ, ఇంజన్లకీ అన్నింటికీ పూజ సేత్తారు కదేటి. దీపం కూడా ఆళ్ళదే. నాను అడ్డు సెప్పగలనా? నాను వేరే మతమోణ్ని. ఏటైనా అంటే మాటొచ్చేత్తాది. దుమ్మంటే రోజూ తుడిసినాను గానీ, బొట్టు సెరపడానికి సెయ్యి రానేదు."

"అద్భుతం!" అన్నాడు కింద నుంచి ఎవరో.

శ్రీసత్య దిగింది. తెల్లచొక్కా నలగకుండా దిబ్బ ఎక్కిన మనిషి అనిరుధ్. హైదరాబాదు నుంచి వచ్చి రెండేళ్ళలో సిటీలో ఉన్న పెద్ద కేసులన్నీ పట్టేసిన డిటెక్టివ్. ఈ కేసులో అతన్ని పెట్టుకున్నది ఈ దీపం అమ్మిన త్రినాథరావు. ఒడ్డు పొడుగునా పన్నెండు ఊళ్ళలో ఇలాంటి దీపాలు పెట్టించిన వ్యాపారి.

"శ్రీసత్యగారూ, నా పని మీరే చేసిపెడుతున్నారు. 'పలక శుభ్రంగా ఉంచే బాధ్యత కొనుక్కున్నవారిదే' అని కాగితంలో రాసి ఉంది. కింద జోజి వేలిముద్ర ఉంది."

"కాగితం చదివి వినిపించారా అతనికి?"

"అది నా క్లయింటు పని కాదు."

"అవున్లెండి. పలకకి ఇరవై ఏళ్ళ గ్యారంటీ అని గట్టిగా చెప్పడం మీ క్లయింటు పని. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయనీ, బ్యాటరీ మూడేళ్ళకు మార్చుకోవాలనీ, అందులో డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలనీ చెప్పడం మాత్రం ఎవరి పనీ కాదు."

"బేటరీకి నీళ్ళా?" జోజి తెల్లబోయాడు.

అనిరుధ్ నవ్వాడు. "చూశారా! ఇతను మీ సాక్షా, నా సాక్షా?"

శ్రీసత్య సంచిలోంచి మీటరు తీసి పలక నుంచి దిగే తీగలకు తగిలించింది. ముల్లు రెండు దాటి కొంచెం పైన ఆగింది. కిరసనాయిలు గుడ్డతో జోజి చేత బొట్లన్నీ తుడిపించి మళ్ళీ చూసింది. ఈసారి ముల్లు నాలుగు దాటింది.

"సగం!" అనిరుధ్ తన పుస్తకంలో రాసుకున్నాడు. "బొట్ల వల్ల సగం కరెంటు పోయింది. దీపం ఆరిపోయింది. బోటు గుద్దుకుంది. సింపుల్."

"ఆ బొట్లు నానే ఎట్టినాను బాబూ."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. దిబ్బ ఎక్కుతూ సగంలో ఆగిపోయిన ఆడమనిషి, పోతమ్మ. పోయిన తాతబాబుకు తల్లి. ఎక్కిన ఆయాసమో, విన్న మాటో, ఆమె అక్కడే కూలబడింది.

"వర్సానికి పోకుండా నువ్వులనూనిలో కలిపి మరీ ఎట్టినాను. నా కొడుకు సీకట్లో ఎల్తాడు, ఆడికి దారి సూపించే తల్లి ఇదీ అనీసి..." శ్రీసత్య వైపు చూసింది. "అమ్మా, నిజం సెప్పు. నా బొట్టే నా కొడుకుని తినీసిందేటి?"

అనిరుధ్ కూడా ఆ మాటకు పెన్ను ఆపాడు.

శ్రీసత్య తొందరపడి ఓదార్చలేదు. తెలియకుండా 'కాదు' అంటే, రేపు తెలిశాక ఆ మాట ఇంకా ఎక్కువ బాధిస్తుంది. "ఒంటిగంట లోపల చెబుతాను పోతమ్మగారూ. నిజమే చెబుతాను. అప్పటిదాకా ఈ నీడలో కూర్చోండి."

బోటు మీద కప్పే టార్పాలిన్ ఒకటి తెప్పించి పలక మొత్తాన్ని కప్పేసింది. ఒక్క నిమిషం. పైన దీపం తెల్లగా వెలిగింది.

"ఇదేం గారడీ?" అన్నాడు అనిరుధ్.

"పలక మీద వెలుగు పడకపోతే రాత్రయిందనుకుని దీపం తనంతట తనే వెలుగుతుంది. ఇప్పుడు టైమెంత?"

"పదీ ఐదు."

"బ్యాటరీ నిండా ఉందని పచ్చలైటు చెప్పింది. అది మంచిదైతే ఈ దీపం ఒక రాత్రి సేపు, అంటే పన్నెండు గంటలు వెలగాలి. ఈ రాత్రి పదింటిదాకా వెలుగుతూనే ఉండాలి."

"ఒంటిగంటకు ఎస్సై వచ్చేసరికి వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ మంచిదని తేలిపోతుంది. ఇక మిగిలేది బొట్లూ, జోజీ." అనిరుధ్ చేయి చాచి జోజి భుజం తట్టాడు. "ఏం జోజీ, ఆరాలని ప్రార్థన చేసుకుంటావా, వెలగాలనా?"

జోజి దీపం వంక చూశాడు. ఏడాదిగా అది వెలగాలనే ప్రార్థన చేసుకున్న మనిషి.

దీపానికి అతన్నీ పోతమ్మనీ కాపలా పెట్టి, శ్రీసత్య మసేను ఇంటికి నడిచింది. అనిరుధ్ పిలవకుండానే వెంట వచ్చాడు.

మసేను మంచం మీద ఉన్నాడు. కాలికి పిండికట్టు. నుదుట కుట్లు. నిన్న రాత్రే అతనికి సరిగ్గా తెలివి వచ్చిందట. భార్య కాసులమ్మ తలగడ సర్ది, గుమ్మంలో నిలబడింది.

"మసేనూ, ఆ రోజు దీపం ఎప్పుడు ఆరిపోయిందో గుర్తుందా?" అడిగింది శ్రీసత్య.

"ఆరిపోడం ఏటి మేడమ్?" మసేను కళ్ళు పెద్దవి చేశాడు. "దీపం ఎలుగుతంది కదా! తెల్లగా, మా దీపమే. దాన్ని సూసుకునే కదా తాతబాబు బావ ఇంజన్ జోరు తగ్గించకుండా బోటుని సందులోకి దూరిపించినాడు. పొద్దున్నే మార్కెట్టుకి సేప ఎయ్యాల, ఆ రోజు తెల్లారకముందే తిరిగొచ్చేత్తామని ముందే రేవులో అందరికీ సెప్పే ఎల్లినాడు."

అనిరుధ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "వెలుగుతోందా? గుద్దుకున్నవెంటనే నలుగురు పరిగెత్తి వచ్చారు. నలుగురూ దీపం లేదన్నారు."

"మరి నాకెలా కనపడింది బాబూ?"

"తలకి దెబ్బ తగిలింది కాబట్టి."

"దెబ్బ తగిలింది రాళ్ళకి గుద్దుకున్నాక. సూసింది అంతకు ముందు. ఈ మాత్రం నాకు తెల్దేటి?"

కాసులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అనిరుధ్ ముఖం ఎర్రబడింది.

శ్రీసత్య నెమ్మదిగా అడిగింది. "దిబ్బ కనిపించిందా, దీపం ఒక్కటే కనిపించిందా?"

"అమావాస్య దగ్గర పడ్డాది. దిబ్బేటి కనపడద్ది? దీపమే."

"పెద్ద లైట్‌హౌస్ వెలుగు ఏ పక్కనుంది అప్పుడు?"

మసేను కళ్ళు మూసుకున్నాడు. సముద్రంలో ఉన్నట్టుగా అతని చేయి మంచం పట్టీ మీద ఇంజన్ పిడిని పట్టుకుని కొంచెం తిరిగింది.

"ఎప్పుడూ మా దీపానికి ఎడమపక్కన పెద్ద లైటు ఉంటాది. ఆ రోజు..." కళ్ళు తెరిచాడు. "ఆ రోజు సరిగ్గా నెత్తిమీదుంది. ఏటి బావా అని అందామనుకున్నాను. అనేలోపల అయిపోయింది."

శ్రీసత్య రాసుకుంది. అనిరుధ్ లేచి బయటికి వెళ్ళాడు. ఇసుక మీద అటూ ఇటూ తిరుగుతూ సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పదీ యాభై.

ఆమె తిరిగి దిబ్బ ఎక్కేసరికి పదకొండుంపావు. దీపం వెలుగుతూనే ఉంది. పోతమ్మ దాన్నే చూస్తోంది. తదేకంగా, రెప్ప వేస్తే ఆరిపోతుందన్నట్టు.

శ్రీసత్య ఇనప్పెట్టె ముందు చతికిలబడి బ్యాటరీని చుట్టూ తడిమి చూసింది. కొత్త కాగితం అతికించి ఉంది. కాగితం కింద ప్లాస్టిక్కు మీద పాత గీతలు.

"మీ బ్యాటరీని దిబ్బ మీదికి మోసింది ఎవరు?"

"తాతబాబే మేడమ్. దీపం పెట్టిన రోజున భుజం మీద మోసుకొచ్చినాడు. అలాగే ఆడి సేప బొమ్మ కూడా ఎట్టినాడు."

"చేప బొమ్మా?"

"మా సామాను ఏదైనా మా గుర్తు ఎడతాం కదా. తెడ్డుకీ, డబ్బాకీ, వలకీ, అన్నింటికీ. లేకపోతే ఒకరిది ఒకరు అట్టుకెల్లిపోతారు. ఆడిది నీలంరంగు సేప." జోజి వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. "నేదు. ఔను, నేదు. ఆడు సెప్పినాడు మేడమ్! నానే చెవిలో ఎట్టుకోనేదు."

"ఏం చెప్పాడు?"

"రెండు నెల్ల కిందట త్రినాథరావు మెకానిక్కు సర్వీసింగ్ అనీసి వచ్చి, బేటరీ దించి, మళ్ళీ ఎక్కించినాడు. దించిందీ ఎక్కించిందీ కూడా తాతబాబే. పోయిన వారం పెట్టె తుడుద్దామని వచ్చి, 'బావా, ఇది మన బేటరీ కాదు, నా సేప నేదు' అన్నాడు. నాను నవ్వేసినాను. 'ఒరే, ఇది తొమ్మిదిన్నరకే నిండిపోతంది, మనకి మంచిదే ఇచ్చినారు, ఊరుకో' అన్నాను. ఆడు ఇనలేదు. మెకానిక్కుని అడిగినాడు. సరిగ్గా జవాబు సెప్పనేదంట. 'ఆదివారం సంఘం మీటింగులో అందరి ముందూ అడుగుతాను' అన్నాడు."

"తాతబాబు పోయింది ఏ రోజు?"

"సుక్రవారం."

అనిరుధ్ అప్పుడే దిబ్బ ఎక్కి వచ్చాడు. అంతా విన్నాడు. పుస్తకం తీశాడు గాని ఏమీ రాయలేదు.

"ఒక్క బ్యాటరీ కోసం ఎవరూ..." అన్నాడు.

"ఒక్కటి కాదు. పన్నెండు ఊళ్ళు. మీ క్లయింటుకి సబ్బవరం కొత్త కాలనీల వీధిదీపాల కాంట్రాక్టు వస్తోందని ఆయనే పేపర్లో వేయించుకున్నాడు. ఆదివారం ఒక ఊళ్ళో ఈ మాట లేస్తే, సోమవారానికి పన్నెండు ఊళ్ళూ పెట్టెలు తెరిచి చూసుకుంటాయి."

అనిరుధ్ దీపం వంక చూశాడు. "ముందు అది ఆరనివ్వండి."

పన్నెండయింది. పన్నెండుంపావయింది. కాకి ఒకటి టార్పాలిన్ మీద వాలి, జారి, విసుక్కుని ఎగిరిపోయింది. పన్నెండూ ముప్పైకి దీపం ఒకసారి వణికింది, నిలబడింది. జోజి పెదవులు కదులుతున్నాయి.

పన్నెండూ నలభైకి ఆరిపోయింది.

శ్రీసత్య గడియారం చూసి అందరికీ వినిపించేలా చెప్పింది. "పదీ ఐదు నుంచి పన్నెండూ నలభై. రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు." ఆమె పోతమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మా, ఇప్పుడు వినండి. గంటకు ఒక పాలు లెక్కన దీపం రాత్రంతా వెలగడానికి పన్నెండు పాళ్ళ కరెంటు కావాలి. మీ బొట్లు ఉండగా కూడా పలక గంటకు రెండు పాళ్ళ పైన, ఎండ గట్టిగా కాసే ఆరు గంటలకీ కలిపి రోజుకి పదమూడు పాళ్ళు ఇస్తోంది. నేను కొలిచాను, ఈ బాబు చూశాడు. బొట్టు సగం ఆపినా, మిగిలిన సగం మీ కొడుక్కి సరిపోతుంది. పట్టుకోవాల్సిన బ్యాటరీకే చేవ లేదు. బిందె అనుకున్నాం. అది గ్లాసు. గ్లాసు కాబట్టే తొమ్మిదిన్నరకే నిండింది, కాబట్టే సాయంత్రం ఐదున్నరకు వెలిగి రాత్రి ఎనిమిదింటికే ఖాళీ అయింది."

పోతమ్మ ఆ లెక్క మొత్తం అర్థం చేసుకుందో లేదో. "అయితే నా సెయ్యి కాదు" అంది. తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారని జోజి తర్వాత చెప్పాడు.

"నాకు ఎందుకు తెలీనేదు మేడమ్?" జోజి ముందుకు వచ్చాడు. "రెండు నెలలూ రోజూ రాత్రి ఎనిమిదికే ఆరిపోతంటే నాకెందుకు తెలీనేదు?"

"దీపం వెనకాల రేకు అడ్డం ఉంది. వెలుగు సముద్రం వైపే పోతుంది, ఊరికి కనిపించదు. నువ్వు సాయంత్రం వెలిగిందని చూసి వెళతావు. బోట్లు మామూలుగా తెల్లారాకే వస్తాయి. ఇదివరకు లాంతరు పట్టుకుని ఎవరో ఒకరు మేలుకుని కూర్చునేవారు కదా?"

"అవును. మా బాబు కూసునీవోడు."

"తనంతట తనే వెలిగే దీపం వచ్చాక ఎవరూ కూర్చోలేదు. దాని వెలలో ఇది కూడా ఉందని ఎవరూ చెప్పలేదు మీకు."

అనిరుధ్ గొంతు సవరించుకున్నాడు. "సరే. బ్యాటరీ మోసం ఒప్పుకుంటాను. కానీ మీ మసేను మాటో? ఎనిమిదింటికి ఆరిపోయిన దీపం అతనికి మూడూ నలభైకి ఎలా కనిపించింది?"

"నేనూ అక్కడికే వస్తున్నాను." ఆమె లేచి సముద్రం వైపు చేయి చాచింది. "మసేను అబద్ధం చెప్పలేదు. దీపం ఈ దిబ్బ మీద ఉంటే లైట్‌హౌస్ దానికి ఎడమపక్క కనిపించాలి. అతనికి నెత్తిమీద కనిపించింది. అలా కనిపించేలా దీపం పెట్టాలంటే చోటు ఒక్కటే. కాకిరాళ్ళ వెనక."

జోజి సిలువ వేసుకున్నాడు.

"ఊళ్ళో లాంతర్లున్నాయి, కరెంటు బల్బులున్నాయి. అన్నీ పసుపుపచ్చగా వెలుగుతాయి. ఇంత తెల్లటి దీపం త్రినాథరావు కొట్లో తప్ప ఎక్కడుంది? దాన్ని రాళ్ళ వెనక వెలిగించాలంటే బ్యాటరీ కావాలి. నీలం చేప ఉన్న బ్యాటరీ ఇప్పుడు ఎవరి దగ్గరుంది? అన్నింటికంటే ముఖ్యం, ఎనిమిదింటికే ఈ దీపం చచ్చిపోతుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసింది దాన్ని మార్చినవాడికే. రెండు దీపాలు కనిపిస్తే తాతబాబు అనుమానపడి ఆగేవాడు. ఒక్కటే కనిపిస్తుందని వాడికి నమ్మకం. బోటు గుద్దుకోగానే దాన్ని ఆర్పేశాడు, అందుకే పరిగెత్తి వచ్చినవాళ్ళకు ఏ దీపమూ కనిపించలేదు. ఇది నిర్లక్ష్యం కాదు అనిరుధ్‌గారూ. హత్య."

అనిరుధ్ నలగని చొక్కా ఇప్పుడు వీపుకు అతుక్కుపోయి ఉంది. "పదీ యాభైకి నేను ఫోన్ చేశాను" అన్నాడు మెల్లగా.

"ఎవరికి?"

"త్రినాథరావుకి. రోజూ రిపోర్టు ఇవ్వాలని ఒప్పందం. మసేను దీపం చూశాడనీ, లైట్‌హౌస్ నెత్తిమీదుందనీ... మొత్తం చెప్పాను. ఆయన రెండుసార్లు అడిగాడు. ఇంకెవరికైనా చెప్పాడా అని." అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "నాకు తెలియదు శ్రీసత్యగారూ. ఒట్టు."

కింద దారి మీద జీపు ఆగింది. ఎస్సై గురునాథరావు, వెనక ఒక కానిస్టేబులు. వాళ్ళ వెనకే చేతిలో ఖాళీ సంచి ఊపుకుంటూ కాసులమ్మ. మూడు రోజుల తర్వాత ఆమె ముఖం కాస్త తేటగా ఉంది.

"మేడమ్, మీకు పున్నెం ఉంటాది! సోలార్ కంపెనీ బాబులు వ్యాను అంపినారు. మా మసేను మామని పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి అట్టుకెల్లినారు, అంతా ఫ్రీ అంట! నన్ను బట్టలు సర్దుకుని ఎనక రమ్మన్నారు. ఏ ఆసుపత్రో మీకు తెల్సా?"

అనిరుధ్ దారి వైపు తిరిగి చూశాడు.

"ఎంతసేపయింది కాసులమ్మా?" శ్రీసత్య గొంతు మారలేదు.

"ఇప్పుడే. పావుగంట."

గురునాథరావు ఆయాసపడుతూ పైకి వచ్చాడు. "జోజి ఏడీ? టైమైంది మేడమ్."

"ఎస్సైగారూ, యారాడ నుంచి సిటీలోకి వ్యాను పోవడానికి ఘాట్ రోడ్డు ఒక్కటే. కొండ దిగేసరికి దానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. వైర్‌లెస్‌లో చెప్పి కొండ కింద చెక్‌పోస్టు గేటు మూయించండి. తెల్లవ్యానో నల్లవ్యానో ఈమె చెబుతుంది. అందులో ఉన్నది ఈ కేసులో బతికున్న ఒకే ఒక్క సాక్షి."

గురునాథరావు ఆమె ముఖం చూశాడు, అనిరుధ్ ముఖం చూశాడు. రెండో ముఖం చూశాక ఇంక ప్రశ్న వేయలేదు. జీపు వైపు పరిగెత్తాడు.

"కొండ మీంచి నడిచి దిగే అడ్డదారి ఉంది సార్" అన్నాడు జోజి వెనక నుంచి. "రెండో మలుపు కాడ జీపు ఆపితే నాను దిగి గేటు కాడికి ముందెల్తాను. ఆళ్ళ వ్యాను కంటే బేగి."

ఎవరూ అతని చేయి పట్టుకోలేదు. జోజి తనే జీపు ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.